పిన్ను లాగి చూశానన్నాడు

శనివారం ఉదయం తొమ్మిదీ పదికి మోంటానాలోని క్లేటన్ గుట్ట రోడ్డు ఎక్కుతుండగా ఓరిన్ ట్వైట్ పికప్ నుంచి ట్రెయిలర్ ఊడిపోయింది. రెంటినీ కలిపే గొళ్ళెం సరిగా పడలేదు. ఊడినా పట్టి ఉంచాల్సిన గొలుసులు తెగాయి, పికప్ నుంచి ట్రెయిలర్‌కు కరెంటు ఇచ్చే ప్లగ్గు ఊడింది. గడ్డి కోసే యంత్రాలతో సహా ట్రెయిలర్ వెనక్కి దొర్లి, పిల్లలు స్కూలు బస్సు కోసం నిలబడే రేకుల షెడ్డును కొట్టి ఆగింది. సెలవు రోజు. షెడ్డులో ఎవరూ లేరు.

ఎదురింటి నుంచి లోర్నా చెప్పులు లేకుండానే వచ్చింది. ఓరిన్ అన్న భార్య. ఆమె కూతురు రోజూ అక్కడే బస్సెక్కుతుంది.

"బ్రేకులేమయ్యాయి?"

"పొద్దున్నే చూశాను లోర్నా. దేవుడి తోడు."

"దేవుణ్ణెందుకు లాగుతావు? ఆయనేమైనా ఈ షెడ్డులో నిలబడతాడా?"

ట్రెయిలర్ ఊడిపోతే, పికప్‌కు కట్టిన ఒక తీగ ట్రెయిలర్ మీది పిన్నును లాగేస్తుంది. అప్పుడు ట్రెయిలర్ మీదున్న చిన్న బ్యాటరీ బ్రేకులు వేయాలి.

"పిన్ను లాగితే చక్రాలు బిగుసుకున్నాయి. చూపించనా?"

"చూపించు."

ఓరిన్ ట్రెయిలర్ తగిలించి, ప్లగ్గూ పిన్నూ తిరిగి పెట్టి, పిన్ను లాగాడు. పికప్ ముందుకు నడిపితే ట్రెయిలర్ చక్రాలు తిరగకుండా కంకరను దున్నాయి.

"ఇప్పుడేమంటావు?"

లోర్నా వెళ్లి ప్లగ్గు ఊడబెరికింది. "మళ్లీ లాగు."

ఓరిన్ పిన్ను పెట్టి, మళ్లీ లాగి, పికప్ నడిపాడు. ఈసారి చక్రాలు హాయిగా తిరిగాయి.

"నువ్వు చూసింది నీ పికప్ బ్యాటరీని, మహానుభావా! ట్రెయిలర్ ఊడిపోయాక ఆ కరెంటు దాని వెనకాలే పరుగెత్తుతుందా?"

ఓరిన్ ట్రెయిలర్ బ్యాటరీ పెట్టె తెరిచాడు. లోపల తీగలు పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి.

"సోమవారం పెద్ద పనుంది. ఆ ఒక్కరోజూ మెల్లగా పోయొస్తాను. తర్వాత మార్చేస్తాను."

"సోమవారం నా పిల్ల ఇక్కడ నిలబడుతుంది. నీ మెల్లగా ఏంటో దానికి నువ్వే చెప్పు."

 లోర్నా ఓరిన్‌తో ట్రెయిలర్ విప్పించి, తన గేటు గొలుసుతో దాని చట్రాన్ని రోడ్డు పక్క స్తంభానికి కాస్త వదులుగా కట్టి తాళం వేసింది.

ట్రెయిలర్ అక్కడే ఉండటంతో సోమవారం పిల్లలు రోడ్డు అవతలి వైపు నుంచి బస్సెక్కారు. ఓరిన్ పని ఇంకొకరికి పోయింది.

మంగళవారం అతను కొత్త గొలుసులూ కొత్త బ్యాటరీ తెచ్చి బిగించాడు. ట్రెయిలర్‌ను పికప్‌కు తగిలించి, ప్లగ్గు మాత్రం పెట్టకుండా పిన్ను లాగాడు. గొలుసు వదులున్నంత మేర పికప్ ముందుకు కదిలింది. ట్రెయిలర్ చక్రాలు తిరగకుండా కంకరను దున్నాయి. ఓరిన్ పిన్ను తిరిగి పెట్టి బండి వెనక్కి తెచ్చి ఆపాక, అప్పుడే లోర్నా తాళం తీసింది.