జర్మనీ సీసా, కుందూ చేప

ఆ పొద్దున ఆకాశం మంచుతో బరువెక్కి నంద్యాల మిద్దెల మీదకి దిగింది. నల్లమల జాడే లేదు. మిషను బంగళా వంటింట్లో జీవమ్మ కుందూ ఏటి చేపలకి పొలుసు గీకుతుంటే, ఆమె మొగుడు, బంగళా వంటవాడు ఆనందరావు పొడుగాటి పచ్చసీసా తెచ్చి గట్టు మీద పెట్టాడు. జర్మనీ నుంచి చుట్టపుచూపుగా వచ్చిన అమ్మగారు బిరడా లాగి ఇచ్చిన తెల్ల ద్రాక్షారసం. మధ్యాహ్నం భోజనంలోకట.

"ఆళ్లగడ్డలో ఆడపిల్లల హాస్టలు పెడతాండారు. పెద్ద వంటమనిషిని ఈయమ్మే ఎంచుతాదంట. ఈ పూట కూడు కుదిరితే ఆ పని నాదే," అంటూ గుక్కెడు తాగి మొహం ముడిచాడు. "థూ! పులిసిపోయిండాది. ఓడలోనే చెడింటాది. బేగా నాలుగు గరిటెలు చక్కెర కలుపుమే."

చర్చిలో ప్రభు బల్ల దగ్గర ఇచ్చే రసం తీపిగా ఉంటుంది. అంతకుమించి ద్రాక్షారసం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

"ఉండయ్యా," అని జీవమ్మ ఒక చుక్క నాలుక మీద వేసుకుంది. తీపి లేదు, నిజమే. కానీ చెడిన పులుపు ముందు ముక్కుకి తెలుస్తుంది. దీనికి నిమ్మతొక్క వాసన ఉంది. చిన్నప్పుడు ఆళ్లగడ్డ దగ్గర శెనగ చేలల్లో తెల్లారకముందే గుడ్డ పరిచి, ఆకుల పులుపు దిగిన మంచు పట్టి పిండేవాళ్లు. కాళ్లు మండేవి. వేలు నాకితే నాలుక లేచి కూర్చునేది. అచ్చం ఆ పులుపే. పండుమిరప కారం చిటికెడు నోట్లో వేసుకుని మళ్లీ ఒక చుక్క తాగి చూసింది. నోరంతా మంట, రసమంతా చేదు. ఎర్రటి పులుసు దీనికి పగ. ఉప్పూ నూనే అయితే చుట్టాలు.

"చక్కెర వద్దు, చింతపండూ వద్దు. ఉప్పూ మిరియాలూ పూసి శెనక్కాయ నూనెలో ఏంచుతా. పచ్చిశెనగలు నేతిలో."

"కారం లేని కూడు కూడేందీ? శెనగ చేలల్లో పుట్టినదానివి, దొరల తాగుడు సంగతి నువ్వా నాకు చెప్పేది?"

పదకొండేళ్లుగా ఇదే వరస. పొయ్యి ఆమెది, తెల్లకోటు ఆయనది. పొగ ఆమెది, "భలే వండినావప్పా" అన్న మెప్పు ఆయనది. గోడ ఇవతల అంట్లు తోముతూ ఆ మెప్పు వినేది. "మొగోని పేరు పెరిగితే నీది పెరిగినట్టు కాదా?" అని అత్త ఒకసారి అడిగింది. కాదని ఆ రోజే తెలుసు. అనడానికే నోరు రాలేదు. ఇప్పుడు చక్కెర డబ్బా పక్కకి జరిపింది. సీసాకి తాడు కట్టి చల్లబడడానికి బావిలోకి దింపి, తను అనుకున్నట్టే వండింది.

మధ్యాహ్నం బల్ల దగ్గర అమ్మగారు చేపముక్క తిని, ఒక గుక్క తాగి, వెంటనే ఇంకో ముక్క తుంచుకుంది. తర్వాత ఏదో అడిగింది. పక్కనే కూర్చున్న పాస్టరు మోషే అయ్యగారు తెలుగులో చెప్పారు: "ఈ రసానికి ఏది జతో వాళ్ల ఊళ్లోనే చానామందికి తెలీదంట. ఈడ ఎవరికి తెలిసిందంటాంది."

"నాకేనయ్యా," అన్నాడు ఆనందరావు, కోటు సర్దుకుంటూ.

"ఎట్లా తెలిసిందప్పా?"

ఆనందరావు చేపవంక చూశాడు. చేప ఏం చెబుతుంది?

జీవమ్మ చెయ్యి తుడుచుకుంటూ గడప దాటి వచ్చింది. "నేను రుచి చూసినా అయ్యగారూ. వండింది నేను. పదకొండేండ్లుగా ఈడ వండతాండేది నేనే." శెనగ చేల మంచు సంగతి ఆమె చెబుతుంటే అయ్యగారు తడుముకుంటూ ఇంగ్లీషులో పెట్టారు. అమ్మగారు కుర్చీ ఇటు తిప్పుకుని విన్నది.

"ఆళ్లగడ్డకి వస్తావా అంటాందమ్మా," అంటూనే అయ్యగారు ఆనందరావు మొహంలోకి చూశారు.

"ఆయప్ప దిక్కు చూడొద్దు అయ్యగారూ. అడిగింది నన్ను. వస్తా."

వచ్చినవాళ్లు వెళ్లాక వంటింట్లో రెండు చేపలు మిగిలాయి. ఆయన తిన్నాక తినడం ఆమె అలవాటు. ఆ రోజు రెండు కంచాలు పెట్టి, చెరొక చేప వేసి, ఎదురుగా కూర్చుంది. కంచంలో అన్నం అయిపోయాక, ఆమె వడ్డిస్తుందని ఆయన చెయ్యి ఆగింది. ఆమె లేవలేదు. ముల్లు తీసుకుంటూ తింటూనే ఉంది. కాసేపటికి ఆయనే అన్నం గిన్నె తన దగ్గరికి లాక్కుని వడ్డించుకున్నాడు.