రాణి లేవకూడదు

హరసుఖరాయ్ నాటకాలు రాసి పేరు తెచ్చుకున్నాడు, పాటలు రాసి ఇల్లు కట్టుకున్నాడు, "వన్స్‌మోర్" అన్న మాట విని ఒళ్ళు మండించుకున్నాడు. వడోదరా జనానికి అదో జబ్బు. పాట నచ్చిందా, కత్తిపోటు తిని చచ్చిన వీరుడైనా సరే లేచి, దుమ్ము దులుపుకుని, పాట మళ్ళీ పాడి, మళ్ళీ చావాల్సిందే.

"నా ఏడుపుని నవ్వులపాలు చేస్తున్నారే!" అని ఇంటికొచ్చి గొణిగేవాడు. ఉయ్యాల బల్ల మీద కూర్చుని, బొటనవేలితో నేలను తడుతూ భార్య మణిగౌరి నవ్వేది.

"పిలిస్తే లేచొచ్చే చావు ఎవరికి దొరుకుతుందండీ? మీకు దొరికితే, దానికీ ఏడుపేనా?"

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు గానీ మణిగౌరి కళ్ళు నిజంగానే పెద్దవి. కిందటి వానాకాలం అవి మూతపడ్డాయి. భర్త అప్పుడు బొంబాయిలో, ఎవరి నాటకానికో పాటలు సరిచేస్తున్నాడు. అతను రైలు దిగి వచ్చేసరికి ఇల్లు కూడా కడిగేశారు.

ఆ తర్వాత ఒక్క నాటకమే రాశాడు. చివరి రంగంలో రాణి భర్త కోసం ఎదురుచూస్తూ పాడుతుంది, పాటతోపాటే ప్రాణం విడుస్తుంది. నాటక కంపెనీ యజమాని వాడీలాల్ శేఠ్‌కి ఒకటే షరతు పెట్టాడు.

"రాణి లేవకూడదు. లేచిందా, నాటకం వెనక్కి తీసుకుంటా. మళ్ళీ కలం పట్టను."

"జనం కుర్చీలు విరగ్గొడతారు కవిరాజ్!"

"విరగ్గొట్టనీ. ఒక్కసారైనా నా చావు చావులా ఉండనీ."

రాణి వేషం అంబారామ్‌ది. మీసం తీసేసి ఆడవేషాల్లోకి దిగిన కొత్తలో అతనికి నడక, కూర్చోవడం, సిగ్గుపడటం అన్నీ నేర్పింది మణిగౌరే. వంటింటి గడప మీద కూర్చుని "ఇంకోసారి చూపించు భాభీ" అని ప్రాణం తీసేవాడు.

"చీర చుట్టుకోగానే సరా? ఆ చేతులు చూడు, పందిరి రాటల్లా!" అని తిడుతూనే ఆమె ఇంకోసారి చూపించేది.

ఆదివారం మధ్యాహ్నం ఆట. పైకప్పు రేకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా జనం తలల మీద పడుతోంది. తమలపాకుల వాసన, సారంగి, వేడి అన్నీ కలిసి హాలుని సగం నిద్రలోకి లాగాయి. రాణి పాట ఎత్తుకుంది. హరసుఖరాయ్ ముందు వరసలో కూర్చుని, తన మాటలే ఎక్కడో దూరాన ఎవరో అనుకుంటున్నట్టు వింటున్నాడు.

చివరి చరణంలో రాణి నుదుటి మీది జుట్టుని మణికట్టు వెనక వైపుతో తోసుకుంది. చేతులకి పిండి అంటుకున్న ఆడది తోసుకున్నట్టు. రాణి చేతికి పిండెక్కడిది? రొట్టెలు తడుతూ మణిగౌరి రోజూ అలాగే తోసుకునేది. పొయ్యి వెలుగూ, ఉయ్యాల గొలుసుల కిర్రూ వేదిక మీదికి నడిచొచ్చాయి. పాట ఆగింది. చెయ్యి వాలిపోయింది.

హాల్లో ఒక్కరూ నోరు విప్పలేదు. జీవితమంతా అతను కోరుకున్న నిశ్శబ్దం అదే.

హరసుఖరాయ్ లేచి నిలబడ్డాడు.

"వన్స్‌మోర్!"

అంబారామ్ కదల్లేదు. మాటంటే మాటే.

"లే అంబా, వన్స్‌మోర్!" ఈసారి గొంతు పగిలింది. ఆ అరుపుని హాలంతా అందుకుంది.

రాణి లేచింది, కొంగు సర్దుకుని మళ్ళీ పాడింది. హరసుఖరాయ్ రెప్ప వెయ్యలేదు. ఈసారి బొంబాయి లేదు, రైలు లేదు, తను ఇక్కడే ఉన్నాడు. కళ్ళు ధారలు కడుతున్నా తుడుచుకోలేదు. చెయ్యి నుదుటిదాకా వెళ్ళింది, జుట్టు తోసింది, మెల్లగా వాలింది.

జనం మళ్ళీ అరిచారు. రాణి ఒక కన్ను కొంచెం తెరిచి కవి వైపు చూసింది. అతను వెనక్కి తిరిగి హాలుకి చేతులు జోడించాడు.

"చాలు నాయనా. అలిసిపోయింది. ఇంక పడుకోనివ్వండి."