అడుగు లేని సోల

నేను ఒక ఇత్తడి సోలని. పేరంటాలమ్మ వంటింట్లో ముప్పై ఏళ్లు, ఒక్క గింజ తేడా రాకుండా బియ్యం కొలిచాను. నా అడుగు పోయింది ఆవిడ మొగుడు గవర్రాజు చలవ వల్ల.

గవర్రాజు మా ఊళ్లో ఫోటోలు తీస్తాడు. కిందటేడు ఎడ్ల పరుగుపందెంలో తూరుపువీధి జత, పడమటివీధి జత ఒక్కసారే గెలుపు గీత దాటాయి. ఎవరు ముందో ఫోటో చూసి తేలుద్దామన్నారు. తీరా ఫిల్ము కడిగితే అంతా తెలుపే! ఎదురెండ కెమెరా కంట్లో పడింది. ఆ ఎండకి కాకులు ఒక రెక్కతో ఎగురుతూ రెండో రెక్క కళ్లకి అడ్డం పెట్టుకున్నాయి. వంటింటి కిటికీలోంచి నేనే చూశాను.

"ఈసారీ ఇలాగే వస్తే కెమెరాని కాలవలో పడేస్తాం. వెనకాలే నిన్నూ!" అన్నారు రెండు వీధులవాళ్లూ.

దాంతో కెమెరా కంటికి గొడుగు వెతికాడు గవర్రాజు. కొబ్బరిచిప్ప జారింది. పౌడరు డబ్బా పట్టలేదు. చెంబు తగిలిస్తే కెమెరా నేలచూపులు చూసింది. నేను అతికినట్టు సరిపోయాను. పెళ్లాం గుడికెళ్లిన వేళ చూసి నా అడుగు కోసి, లోపల మసి పూశాడు. "ఎంత లోతైతే అంత నీడ!" అని మురిసిపోయాడు. మనుషులంతే. చిటికెడు మంచిదైతే చేటెడు ఇంకా మంచిదనుకుంటారు.

ఈ ఏటి పందెంలో మళ్లీ రెండు జతలూ కలిసే వచ్చాయి. వాటి నడుమ గీత మీద నిలబడ్డ పందెం పెద్ద బుల్లిరాజు, "రెప్ప వెయ్యకుండా చూశాను. తూరుపే!" అన్నాడు.

"నీ బావమరిది ఎడ్లు కదా, నీకలాగే కనిపిస్తాయి! ఫోటో రానీ" అన్నారు పడమటివాళ్లు.

రెండ్రోజులకి ఫోటో వచ్చింది. ఎండ మరక లేదు. కానీ నేను మరీ లోతైపోయాను. ఆ పాత కెమెరాలో చూసే కిటికీ వేరు, బొమ్మ పడే కన్ను వేరు, అందుకే గవర్రాజుకి తెలీలేదు. చుట్టూ చీకటి, మధ్యలో అప్పమంత గుండ్రం. ఎడ్లు చెరోపక్కా చీకట్లో కలిసిపోయాయి. నడుమ బుల్లిరాజు ఒక్కడే నిగనిగలాడుతున్నాడు. ఎడ్లకి వీపు తిప్పి, నోరు తెరిచి, మిరపకాయ బజ్జీ లోపలికి తోస్తున్నాడు.

"నిజమేరోయ్, రెప్ప వెయ్యలేదు. బజ్జీ మీంచి!" అన్నాడెవడో.

రెండు వీధులూ మొదటిసారి ఏకమై బుల్లిరాజుని తరిమాయి. ఆ పరుగు ఏ ఎడ్లకీ రాదు. బహుమతి బిందె అతనికే ఇవ్వాల్సింది.

కెమెరా దక్కిందని మీసం దువ్వుకుంటూ ఇంటికొచ్చాడు గవర్రాజు. రెండ్రోజులుగా నన్ను వెతుకుతున్న పేరంటాలమ్మ, కెమెరాకున్న నన్ను లాక్కుని కంటికి ఆనించుకుంది. అవతలి కొసన మొగుడు కనిపించాడు.

"భలే చేశావయ్యా" అంది, అంతే.

మర్నాడు కొత్త సోల కొంది, ఇంటిల్లిపాదికీ. గవర్రాజు వాటా బియ్యం మాత్రం ఇప్పటికీ డబ్బా మీద పట్టుకుని నాతోనే కొలుస్తోంది. పోసినవి పోసినట్టే మళ్లీ డబ్బాలోకి.

ఒక్క గింజ తేడా రాదు.