నగేష్ కుర్చీలో కంప్యూటర్

వెస్లీ ఏదైనా పని నెత్తికెత్తుకున్నాడంటే ఇంట్లో ఇంకొకరికి సుఖం ఉండదు. ఈసారి అటక మీద నుంచి ఎనభైల నాటి ఇంటి కంప్యూటర్‌ను దింపాడు. కీబోర్డులోనే సమస్తం ఇమిడిపోయిన నల్లటి డబ్బా అది. దాన్ని టీవీకి తగిలించాలి. ప్రోగ్రాంను క్యాసెట్ టేపు నుంచి ఎక్కించాలి. టేపు తిరుగుతున్నంతసేపూ వచ్చే కీచురొదకు సైదాబాద్‌లో వాళ్ల గల్లీ అంతా చెవులు మూసుకుంది.

"పత్తాలాట ఫోన్ల లేదా? గీ పాత సామాను ఎందుకు దించినవ్?" అంది అతని భార్య బేబీ.

"ఫోన్ల ముక్కు మొఖం ఎరగనోళ్లతోని ఆడుడు. శివయ్య ఆడతడా? ఈ డబ్బానైతే వానికి ఎరుకే."

శివయ్య కోసమే ఈ తిప్పలన్నీ. వెస్లీ, శివయ్య కంచన్‌బాగ్‌లోని లోహాల కర్మాగారంలో కలిసి పనిచేసి రిటైరయ్యారు. నగేష్ కూడా అక్కడివాడే. ఆదివారం చర్చి నుంచి రాగానే వెస్లీ ఇంట్లో కోట్‌పీస్ పేకాట మొదలయ్యేది. నలుగురు ఆడే ఆట, ఎదురెదురుగా కూచున్నవాళ్లు జోడీ. వెస్లీకి బేబీ జోడీ, శివయ్యకు నగేష్. శివయ్య భార్య సుందరమ్మ మాత్రం వంటింట్లో ఉల్లిగడ్డలు తరుగుతూ, పత్తాలు కనిపెట్టినవాణ్ణి తిట్టిపోస్తూ ఉండేది.

పోయినేడు నగేష్ గుండె ఆగి చనిపోయాడు. పురానాపూల్ శ్మశానంలో అతణ్ణి సాగనంపి వచ్చిన రోజు నుంచి శివయ్య పత్తాలు ముట్టలేదు, వెస్లీ ఇంటికి రాలేదు. పలకరిస్తే ఊఁ అంటాడు, లేదంటే అదీ లేదు. పక్కింటి రవీందర్‌ను నాలుగో చేతికి పిలుద్దామని వెస్లీ అడిగితే కస్సుమన్నాడు.

"నగేష్ కుర్చీల ఇంకో మనిషిని కూచోబెట్టినవనుకో, మల్ల నీ గడప తొక్క."

ఒక దోస్తు కాటికి పోయాడు, ఉన్న ఒక్క దోస్తూ బతికుండగానే చేజారిపోతున్నాడు. వెస్లీకి భయమేసింది. మనిషిని కూచోబెట్టొద్దన్నాడు కదా, మనిషి కానిదాన్ని కూచోబెడితే ఏమంటాడని ఆలోచించి ఆలోచించి అటక ఎక్కాడు.

ఆ డబ్బాకు బుర్ర చాలా చిన్నది. ఇప్పటి ఫోన్లో ఒక్క ఫొటోకు పట్టే చోటు కూడా అందులో లేదు. అంత ఇరుకులో వెస్లీ కోట్‌పీస్ ప్రోగ్రాంను ఒక్కో వరుసా నంబరు వేసి టైపు చేస్తూ పోయాడు. ఇస్పేట్, ఆటీన్, డైమన్, కళావర్ అని మొదటి అక్షరాలు కాగితం మీద రాసి మీటలకు అంటించాడు. సగంలో చోటు చాలలేదని డబ్బా మొరాయిస్తే, రాసినదాంట్లోంచి పిసినారిలా కొంచెం కొంచెం కోసుకొచ్చాడు. తీరా నడిపి చూస్తే ఆట ఎడమకు తిరిగింది. ఇంగ్లీషు పుస్తకం చూసి రాశాడాయె.

"మన ఆట కుడికి గదా తిరిగేది! ఇన్నేండ్లు ఆడి గది కూడ యాది లేదా?" అని బేబీ తల కొట్టుకుంది. వరుసలన్నీ మళ్లీ మార్చాడు. ఇంకోసారి ఆ డబ్బా తన జోడీ గెలిచే పట్టునే తురుపుతో కోసి కూచుంది. జోడీ ముక్క పెద్దదైతే నువ్వు చిన్నది వెయ్యి అని దానికి ఇంకో వరుస నేర్పాడు. ఎండాకాలమంతా ఇదే లొల్లి.

చివరికి బేబీయే పోయి శివయ్య దంపతులను భోజనానికని పట్టుకొచ్చింది. నగేష్ కుర్చీలో దిండ్లు పేర్చి, వాటి మీద డబ్బాను నిలబెట్టారు. శివయ్య దాన్ని ఎగాదిగా చూశాడు.

"పొద్దు పోక చేసినవా, పిచ్చి లేసి చేసినవా?"

"రెండు. కూచో భాయ్."

డబ్బాకు చేతుల్లేవు. దాని పత్తాలు చూసి మీటలు నొక్కాలి, అందరూ వేసిన ముక్కలూ దానికి చెప్పాలి, తెర మీద అది చూపిన ముక్క తీసి బల్ల మీద వెయ్యాలి. ఆట రానివాళ్లయితే తమ తెలివి కలపరని సుందరమ్మను పక్కన స్టూలు మీద కూచోబెట్టారు. ఆమె గొణుక్కుంటూనే ఒంటివేలితో మీటలు వెతికింది. "ఇస్పేటా... డైమనా... కళావర్ ఏడున్నదిరా దేవుడా..."

మొదటి ఆట వెస్లీ, బేబీ గెలిచారు. డబ్బా ఒక్క తప్పు ముక్కైనా వెయ్యలేదు. వెస్లీ ఛాతీ ఉబ్బింది. శివయ్య మాత్రం పత్తాలు బల్ల మీద పెట్టి లేచాడు.

"మంచిగ చేసినవ్ వెస్లీ. నా కోసమని చేసినవ్, నాకు తెల్వదా? కానీ నగేష్ నా మొఖం చూస్తుండె. ముక్క ఏసే ముందు ఒక్కపాలి నా మొఖం చూస్తుండె. ఇది ఎవరి మొఖం చూస్తది?"

మొఖం చూడటానికి ఏ వరుస రాయాలో ఏ పుస్తకంలోనూ లేదు. వెస్లీకి ఏడుపొచ్చినంత పనైంది.

"కూచో," అంది సుందరమ్మ. "ఒక్క ఆటకే లేస్తవా? గింతసేపు గుడ్లు పోయేటట్టు మీటలు ఒత్తిన నేను."

ఆమె మాట కాదనలేక శివయ్య కూచున్నాడు. ఈసారి ఆటీన్ తురుపు. కొన్ని పట్టులయ్యాక ముందు ముక్క వేసే వంతు డబ్బాకు వచ్చింది. తెర మీద ఇస్పేట్ రాజు కనబడింది. సుందరమ్మ గొణుక్కుంటూ, తెర చూసింది, పత్తాలు చూసింది, మొగుణ్ణి చూసింది. చూసి కళావర్ నాలుగు తీసి బల్ల మీద వేసింది.

"వదినా, అది కాదు, తప్పు ముక్క!" అని వెస్లీ అరిచేలోపే బేబీ తన కళావర్ వేసేసింది. శివయ్య చేతిలో కళావర్ ఒక్కటి కూడా లేదు. చిన్న ఆటీన్ ముక్క టపీమని కొట్టాడు. వెస్లీకి మిగిలిన ఒక్క కళావర్, ఆసు, దిక్కులేకుండా పోయింది.

శివయ్య పట్టు ఎత్తుకోవడం కూడా మరిచి భార్యను చూశాడు. "నా దగ్గర కళావర్ లేదని నీకెట్ల ఎరుక?"

"నేను కళావర్ అన్నప్పుడల్ల నీ మీసం అదురుతున్నది. ఇంట్ల బోటికూర వాసనొస్తె గట్లనే అదురుతది."

"దొంగాట! నోటితోని చెప్పుకుంట ఆడుడు లేదు," బేబీ లొల్లి మొదలుపెట్టింది.

"ఓయబ్బ! మరి మీరు దగ్గుకుంట, సకిలించుకుంట ఆడింది ఏం ఆట? వంటింట్ల నాకు ఇనపడలేదా?"

శివయ్య నవ్వాడు. పొట్ట పట్టుకుని, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. ఆ నవ్వు విని ఏడాది దాటింది. డబ్బా తను చెప్పిన ముక్క ఏమైందో తెలియక తెర మీద గడిని ఆర్పుతూ వెలిగిస్తూ కూచుంది. ఎండాకాలం కష్టమంతా కళ్లముందే కొట్టుకుపోతుంటే వెస్లీకి కోపం రావాలి. రాలేదు సరికదా, ఇంత సంతోషం తన పెళ్లినాడు కూడా లేదనుకున్నాడు. ఆ మాట బేబీకి చెప్పేంత తెలివితక్కువవాడు కాదు. అయినా ఈ డబ్బా లేకపోతే సుందరమ్మ ఆ బల్ల దగ్గరికి వచ్చేదా?

"నువ్వు ఆడతవని నాకేం తెలుసు," అన్నాడు శివయ్య భార్యతో, నవ్వు ఇంకా ఆగక. "ఎన్నడన్న చెప్పినవా?"

"ఎన్నడన్న అడిగినవా?"

శివయ్య నవ్వు ఆగిపోయింది. శివయ్య లేచి, రెండు చేతులతో డబ్బాను ఎత్తి టీవీ పక్కన జాగ్రత్తగా పెట్టాడు. కుర్చీ మీది దిండ్లు తీసేశాడు.

"ఆడతవా?" అన్నాడు.

సుందరమ్మ స్టూలు మీద నుంచి లేచి, కొంగుతో కుర్చీ దులిపి కూచుంది.

"కొత్తగ పంచుండ్రి," అంది. "ఈపాలి తురుపు నేను చెప్త."