పక్కింటివాళ్ల కోసం సూది

మలేరియా పరిశోధనశాలలోని దోమల గదిలో ఆయన పని పొద్దున్నే మొదలయ్యేది. తొట్లలో ఈదే దోమపిల్లలకి చేపల మేత నూరి చల్లాలి, రెక్కలొచ్చినవాటిని వలపెట్టెల్లోకి మార్చాలి, చక్కెరనీళ్లలో ముంచిన దూది పెట్టాలి. పదేళ్లుగా అదే పని, అదే మూడుకాళ్ల స్టూలు. తను కాళ్లావేళ్లా పడి ఉద్యోగం ఇప్పించిన తోడల్లుడికి మాత్రం నాలుగో నెలకే మైక్రోస్కోపు, దాని ముందు గిర్రున తిరిగే కుర్చీ.

పక్కపక్క ఇళ్లు కావడంతో ఆ కడుపుమంట దాచుకునే వీల్లేదు. ఆ ఊళ్లో దోమ ఒకరిని కుట్టి ఇంకొకరి దగ్గరికి వెళ్తే, మొదటివాళ్ల మనసులో మాట వాళ్ల గొంతుతోనే చెప్పేసేది.

"అన్నయ్యా, నిన్న మీ దోమ వచ్చింది," అన్నాడు తోడల్లుడు. "నా కుర్చీ చక్రం ఊడి నేను వెల్లకిలా పడాలట."

"దెబ్బ తగలకుండా పడాలన్నాను. అది చెప్పలేదా?"

"లేదే!"

"సగం సగం చెప్పి కొంపలు ముంచుతాయి, వెధవ దోమలు."

ఇంతలో వాళ్ల పరిశోధన ఫలించి కొత్త సూది తయారైంది. డాక్టరమ్మ అందర్నీ పిలిచి చెప్పింది. "ఇది వేయించుకున్నవాళ్లకి ఒరిగేదేం లేదు. మీ ఒంట్లో మలేరియా పురుగు దాక్కునుంటే, అది మిమ్మల్ని కుట్టిన దోమ కడుపులోనే చచ్చిపోతుంది. పక్కింటివాళ్లకి మేలు. మీ మనసులో మాటా అక్కడే ఆగిపోతుంది."

"నొప్పి నాకూ, సుఖం వాడికీనా?" ఆయన చొక్కా చెయ్యి మణికట్టు దాకా లాక్కున్నాడు. తోడల్లుడు అందరికంటే ముందు వేయించుకుని చప్పట్లు కొట్టించుకునేసరికి ఇంకాస్త మండింది.

ఆ వారమే తోడల్లుడి కూతురికి రెండోసారి మలేరియా జ్వరం వచ్చింది. వాడు సెలవు పెడితే కుర్చీ ఎన్నాళ్లు ఖాళీగా ఉంటుందా అని ఆయన గుమ్మంలో కూర్చుని ఆలోచిస్తుంటే, చెవి పక్కన ఓ దోమ వాలింది. నాలుగేళ్ల గొంతు.

"పెదనాన్నా, నీ దోమ నాకూ చెప్పింది. నాన్న కుర్చీ నీకు ఇప్పిస్తాలే. చలేస్తోంది."

తన దోమ ఆ పిల్లదాకా వెళ్లిందని ఆయనకి అప్పుడే తెలిసింది.

మర్నాడు డాక్టరమ్మ ముందు చొక్కా చెయ్యి మడిచాడు.

"ఇప్పుడేంటి ఉన్నట్టుండి?"

"ఊరికే. చెయ్యి ఖాళీగా ఉంది."

పిల్లకి మూడోసారి జ్వరం రాలేదు. వానాకాలమంతా రెండిళ్ల మధ్య గెంతుతూనే ఉంది.

ఓ రోజు తోడల్లుడు దోమల గదిలోకి వచ్చి నిలబడ్డాడు. "అన్నయ్యా, మీ దోమలు వచ్చి ఉత్తినే పోతున్నాయి. నామీద ఏమన్నా కోపమా?"

ఆయన నూరడం ఆపాడు. తన తరఫున చెప్పేవాళ్లెవరూ ఇక లేరు.

"కోపం కాదోయ్. కుళ్లు. నిన్ను చూస్తే నాకు కుళ్లు. ఇసుమంతైనా తగ్గలేదు."

"హమ్మయ్య!" తోడల్లుడు నేలమీద చతికిలబడ్డాడు. "ఊఁ, మొదట్నించీ చెప్పండి."