దోనాలి తుపాకికి ధర

నోరా, వీపుకు దెబ్బలు తేకే అంటారు. నా నోరు నా వీపుకు ఎన్నడూ దెబ్బలు తేలేదు, ఇంకొకరి కొంప ముంచింది. సంగారెడ్డిలో తుపాకులు బాగుచేసే ఈ వీరాచారి దుకాణానికి పోతే తిట్లు తినకుండా తిరిగి రాలేమని జనం నవ్వుకునేవారు. నేనూ దాన్ని గొప్పగానే అనుకునేవాణ్ని.

డెబ్బై ఆరు ఎండాకాలంలో కర్దనూర్ నుంచి దేవదానం వచ్చాడు. పటాన్‌చెరు దగ్గర కొత్తగా పెట్టిన ఒక ఫ్యాక్టరీలో పనివాడు. గోనెసంచిలో చుట్టి రెండు గొట్టాల తుపాకి తెచ్చాడు. జాగీర్దారుకు షికారు చూపించిన తాతకు అది బక్షీసుగా దొరికిందట. లైసెన్సు కాగితం కూడా తెచ్చాడు.

"ఈ దోనాలిని అమ్మాలె చారి సాబ్. మా ఇంటామె ఏసమ్మకు గుండెల వాల్వు మూస్కపోయిందట. మద్రాసు తీస్కపోయి ఆపరేషన్ చేపియ్యాలె. మూడు వేలు గావాలంటున్రు. వానకాలం దాటితే కష్టమన్నడు డాక్టరు."

తుపాకి విప్పాను. గొట్టాలను వేలాడదీసి వేలి కణుపుతో కొడితే గంటలా మోగాయి. అంటే ఎక్కడా అతుకు వదల్లేదు. తుప్పు కింద, ఇనుమూ ఉక్కూ మెలిపెట్టి కొట్టిన చారలు టేకు చెక్క మీది గీతల్లా కనబడ్డాయి. పైన లండన్ పనివాడి పేరు, పక్కన చెక్కిన కౌజుపిట్టలు. ముప్పయ్యేళ్ళ పనిలో ఇంత మంచి సరుకు నా చేతికి రాలేదు. ఇలాంటివి పోగుచేసే నవాబు ఒకాయన హైదరాబాదులో ఉన్నాడు, కళ్ళు మూసుకుని ఆరు వేలు ఇస్తాడు.

ఆ మాట మాత్రం బయటికి అనలేదు. మా వృత్తిలో మొదటి రోజు ధర చెప్పం. లోపాలన్నీ ఏకరువు పెట్టి, మనిషిని ఇంటికి పంపి, నాలుగు రోజులు నానబెడతాం. మెత్తబడి వచ్చాక చెబుతాం. దేవదానానికి మూడు వేలు ఇచ్చి, మిగతా మూడు వేలు నేను ఉంచుకోవాలనుకున్నాను. అతని పని అవుతుంది, నా పనీ అవుతుంది, ఇందులో పాపమేముంది అనుకున్నాను.

"ఏందయ్యా ఇది, తుపాకా, పొయ్యిల కట్టెనా?" అన్నాను. "ఇంత తుప్పు వట్టినదాన్ని ఎవడు ముట్టుకుంటడు? గిట్ల తెస్తే నేనేం ధర కట్టాలె? ఇగ వచ్చే ఐతారం రా, సూద్దాం."

తప్పంతా తనదే అన్నట్టు తలవంచుకుని విన్నాడు. సంచిలో చుట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆదివారం చర్చి అయ్యాక నేరుగా దుకాణానికి వచ్చాడు. ముఖం నిండా సంతోషం.

"ఇప్పుడు సూడుండ్రి చారి సాబ్. ఒక్క సుక్క తుప్పుంటే అడుగుండ్రి."

తుపాకి నల్లగా నిగనిగలాడుతోంది. చప్పున అందుకుని వెలుతురుకు పట్టాను.

"ఏం జేసినవ్?"

"ఫ్యాక్టరీల సామాన్లకు నలుపెక్కించే తొట్టి కాడనే గద నా డ్యూటీ. మేస్త్రీని బతిలాడిన. మొదలు సానచక్రం మీద వట్టి తుప్పంత గీకిన. ఎన్క మసిలే కాస్టిక్ సోడా నీళ్ళల అర్ధగంట ముంచిన. మూడు దినాలు డ్యూటీ దిగినంక గిదే పని."

పేరు లేదు. పిట్టలు లేవు. చక్రం అన్నిటినీ తినేసింది. వేలాడదీసి కొడితే గొట్టాలు మోగలేదు. అతను రోజూ ముంచే సామాన్లు అతుకులు లేనివి. ఈ రెండు గొట్టాలను కలిపి పట్టుకునేది మాత్రం సీసం అతుకే. మసిలే కాస్టిక్ దాన్ని తాగేసింది. వేలితో నొక్కితే గొట్టాలు కదిలాయి. అతుకు మళ్ళీ వేయగలను, కానీ అరిగి పలచబడిన ఆ గొట్టంలో తూటా పేలిస్తే పట్టుకున్నవాడి చెయ్యి పోతుంది. ఇక అది ఉత్త ఇనుము.

తిట్టాలని నోరు తెరిచాను. ఎవర్ని తిట్టను? దీన్ని ముట్టకు, ఇది బంగారమని మొదటి రోజే ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? ఒక ఆడమనిషి ప్రాణాన్ని నా బేరంలో పెట్టి ఆడాను.

"ఎంతొస్తది చారి సాబ్?"

"మూడొందలు."

బల్ల మీది తుపాకిని చేత్తో ఒకసారి తడిమాడు.

"ముందుగాల తెచ్చిననాడు ఎంతుండె? నిజం జెప్పుండ్రి. నేనే ఖరాబ్ చేసిన్నా?"

నిజం చెబితే ఆ మనిషి ఏమవుతాడో నాకు తెలుసు. నేనేమవుతానో కూడా తెలుసు. ఈ రెండింటిలో ఏది నా నోరు నొక్కిందో ఇప్పటికీ తెలియదు.

"అప్పుడు గూడ గంతే" అన్నాను. "నువ్వేం ఖరాబ్ చెయ్యలే."

అతను గట్టిగా ఊపిరి వదిలాడు. పెట్టెలో ఉన్న ఎనిమిది వందలూ తీసి ముందు పెట్టాను. మూడు వందలు తీసుకుని మిగతావి నా వైపు తోశాడు. ఇల్లు తాకట్టు పెట్టి మిగతా డబ్బు తెస్తానని నేను అనగలిగేవాణ్నే. అనలేదు.

ఏసమ్మ శ్రావణంలో పోయింది. కబురు విని కర్దనూర్ సమాధుల దొడ్డికి వెళ్ళాను. దేవదానం నన్ను చూసి, జనంలోంచి ముందుకు తీసుకుపోయి పాస్టరుతో చెప్పాడు.

"అయ్యగారూ, ఈయననే చారి సాబ్. మోసం ఎరుగని మనిషి. ఉన్న ధర ఉన్నట్టు జెప్పిండు."

తర్వాత నా చెయ్యి పట్టుకుని గుంత అంచుకు నడిపించాడు.

"మీరు గూడ ఒక పిడికెడు మన్నెయ్యుండ్రి."

వేశాను.