శుక్రవారం హెల్త్ పీరియడ్

"చేతులు తిప్పు" అంటోంది బాలలక్ష్మి టీచర్.

ప్రార్థన అయిపోయినా పిల్లలు ఇంకా వరుసల్లోనే ఉన్నారు. ఆమె ఒక్కొక్కరి ముందు ఆగి, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలను ముంజేత్తో పైకి నెట్టుకుంటూ గోళ్ళు చూస్తోంది, చెవుల వెనక చూస్తోంది, జడ పాయలు తీసి పేల కోసం చూస్తోంది. చేతిలో బెత్తం ఉంది. అది ఎవరి మీదా పడదని ఒకటో తరగతి పిల్లలకు కూడా తెలుసు.

సిద్దిపేట మిషన్ స్కూల్లో చేరినప్పటి నుంచీ శుక్రవారం పొద్దున ఆమె పని ఇదే. పొట్టి మనిషి. అంచు వెలిసిన నేత చీర, భుజం దగ్గర పిన్నీసు, కుచ్చిళ్ళ మీద ఎప్పుడూ సుద్దపొడి. టీచర్ల గదిలో ఆమె కుర్చీ తలుపు వెనక ఉంటుంది. తలుపు తీసి లోపలికి వచ్చిన వాళ్ళకు ముందు ఆమె కనబడదు. గ్రూప్ ఫొటోలో ఆ చివర నిలబడుతుంది. ఎద్దు ఎదురొస్తే రోడ్డు దాటి అవతలి పక్కకు పోతుంది. భర్త కాశీనాథం మండలాఫీసులో గుమాస్తా. "మా ఇంటామె ఇంట్ల ఉన్నదో లేదో పిలిస్తే గాని తెల్వది" అని ఆయన మెచ్చుకోలుగానే చెబుతుంటాడు.

అలాంటి మనిషి ఆ జూన్‌లో అందరికంటే ముందు నోరు తెరిచింది. హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ బ్రిజిత హైదరాబాదు నుంచి కొత్త పాఠాలు తెచ్చింది. ఐదో తరగతి ఆడపిల్లలకు వాళ్ళ ఒంటి గురించి, ఇంట్లో బయట మనుషులతో మెలగడం గురించి చెప్పాలంది. పెళ్ళికాని టీచర్లు తలలు వంచుకున్నారు. లెక్కల సారు కిటికీలోంచి బయటికి చూశాడు.

"నేను చెప్త సిస్టర్" అంది బాలలక్ష్మి.

ఎందుకన్నదో ఆమెకు తెలుసు. ధూళిమిట్టలో చిన్నప్పుడు ఒకనాడు లంగా మీద రక్తం చూసుకుని, కడుపులో ఏదో పగిలింది, ఇక చస్తానని గడ్డివాము వెనక దాక్కుంది. పొద్దు గూకాక తల్లికి దొరికింది. తల్లి ఆమెను కొట్టలేదు, దగ్గరికీ తీసుకోలేదు. "నోరు మూస్కో, ఎవలన్న ఇంటరు" అంది. అంతే. ఆ నోరు అప్పటి నుంచీ మూసే ఉంది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం మొదటి పాఠం. అన్నాలయ్యాక మగపిల్లలు డ్రిల్లుకు పోయారు. ఆడపిల్లలు ముందు బెంచీల మీదికి జరిగి, ఒకరినొకరు గిల్లుకుంటూ కిసకిస నవ్వుతున్నారు. బాలలక్ష్మి తలుపు దగ్గరగా వేసి, బోర్డు మీద ఒక పాప బొమ్మ గీసింది. ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. పిల్లలు ఇంకా నవ్వారు.

"నవ్వుకోండ్రి. నవ్వుడైనంక ఇనుండ్రి" అంది. "గీ ఒళ్ళు ఎవలిది? మనది. సుస్తైతే డాక్టర్ సూస్తడు, అమ్మ పక్కన ఉండంగ సూస్తడు. గంతే. ఇంకెవలన్న ముట్టుకుంటే, మీకు మంచిగ అనిపియ్యకపోతే, వద్దు అనాలె. మామ గానీ, తాత గానీ, పక్కింటాయన గానీ. పెద్దోళ్ళను వద్దనొచ్చా అని అనుకోవద్దు. అనొచ్చు. ఎవలికీ చెప్పకు అని ఎవడన్నంటే, గదే ముందుగాల చెప్పాలె."

కొంగుతో మెడ తుడుచుకుంది. మాటలు అనుకున్నంత కష్టం కాలేదు.

గోడ పక్కన కూర్చున్న జ్ఞానేశ్వరి చెయ్యి ఎత్తింది. సన్నటి పిల్ల. ఊరు చింతమడక. తండ్రి పోయాక, పిల్ల అవ్వా అని పిలిచే తల్లి ఐలవ్వ కూలికి పోతూ, చదువు కోసం పిల్లను సిద్దిపేటలో తన చెల్లెలు పద్మమ్మ ఇంట్లో ఉంచింది. పద్మమ్మ భర్త మధుసూదన్‌కు బట్టల దుకాణం. సాయంత్రం అతనే స్కూటర్ మీద వచ్చి పిల్లను తీసుకుపోతాడు. గేటు దగ్గర పిల్లలందరికీ చాక్లెట్లు పంచుతాడు. మంచి మనిషి అంటారు అందరూ.

"ఏం బిడ్డా?"

"టీచర్, చెప్తే మీ అవ్వ సచ్చిపోతది అంటే ఎట్ల?"

ఎవరూ నవ్వలేదు. బాలలక్ష్మి చేతిలో సుద్దముక్క రెండైంది. "ఎవ్వలు సావరు" అంది. "అది అబద్ధం. పిల్లలు నోరిప్పొద్దని అట్ల బెదిరిస్తరు."

పిల్ల చెయ్యి దించి బల్ల కేసి చూస్తూ కూర్చుంది.

గంట కొట్టాక అందరినీ పంపి, ఆమె జ్ఞానేశ్వరి పక్కన బెంచీ మీద కూర్చుంది. ఏమీ అడగలేదు. బయట డ్రిల్లు విజిల్ వినబడుతోంది. విజిల్ ఆగాక పిల్లే అంది: "నేను ఇయ్యాల స్కూటర్ మీద పోను టీచర్. చిన్నమ్మ ఊరికి పోయింది. ఇంట్ల చిన్నాయిన ఒక్కడే ఉంటడు."

"చిన్నమ్మ లేనప్పుడు ఏమన్న చేస్తడా?"

పిల్ల అవునన్నట్టు తల ఊపింది. తర్వాత గౌను అంచు నోట్లో పెట్టుకుని కొరకడం మొదలుపెట్టింది. బాలలక్ష్మి ఆ అంచును మెల్లగా నోట్లోంచి తీసి, పిల్లను సిస్టర్ గదికి తీసుకుపోయింది.

సిస్టర్ బ్రిజిత గదిలో ఫ్యాను కిరకిరమంటూ తిరుగుతోంది. ఆమె మొత్తం విని, మెడలో సిలువను వేళ్ళతో పట్టుకుని, తన మలయాళపు యాసలో మెల్లగా అంది. "టీచర్, ఆయన పెద్ద మనిషి. పొరపాటైతే స్కూలు పేరు పోతుంది. సోమవారం తల్లిని పిలిపిద్దాం."

"సోమారం దాక పొల్ల ఎవలింట్ల ఉంటది సిస్టర్?"

సిస్టర్ సిలువను వదిలి, బల్ల మీది కాగితాలు సర్దింది.

"నేను తల్లికాడికి తోల్కపోత. నన్ను తీసేస్తే తీసెయ్యుండ్రి" అంది బాలలక్ష్మి.

స్కూటర్ చప్పుడు రోజూ కంటే ముందే వినబడింది. పిల్లను సిస్టర్ గదిలోనే కూర్చోబెట్టి, ఆమె ఒక్కతే గేటు దాకా నడిచింది. మధుసూదన్ తెల్లటి చొక్కా వేసుకుని, స్టాండు వేసిన బండి మీద ఒరిగి నవ్వుతున్నాడు.

"నమస్తే టీచరమ్మా. మా పొల్ల ఏది?"

"పొల్ల రాదు."

"రాదా? సుస్తైందా?"

"వాళ్ళవ్వ దగ్గరికి పోతది. నేనే తోల్కపోతున్న."

అతని నవ్వు పెదాల మీదే ఉంది. కళ్ళు మాత్రం ఆమెను దాటి బడి వరండా వెతుకుతున్నాయి. "నన్నడగకుండనా? ఏం చెప్పిందమ్మా అది మీకు? దానికి అబద్ధాలు జెప్పుడు అలవాటు."

"ఏమన్న చెప్పిందని నేననలే" అంది బాలలక్ష్మి.

అతని నవ్వు పోయింది. గేటు కమ్మీ పట్టుకుని ముందుకు వంగాడు. "ఇంటి ముచ్చట్ల ఏలు పెడుతున్నవ్. మీ ఆయన మండలాఫీసుల్నే గద కూసుండేది? రేపు పదిమందిని తీస్కొనొస్త. గీ పిల్లలకు ఏం పాఠాలు చెప్తున్నవో అందరికి చెప్త."

ఆమె గేటు గొళ్ళెం వేసి పట్టుకుంది. ఎద్దును చూసి రోడ్డు దాటే మనిషి గొళ్ళెం మీద చెయ్యి తియ్యలేదు. అప్పుడు వెనక చెప్పుల చప్పుడైంది. సిస్టర్ బ్రిజిత వచ్చి ఆమె పక్కన నిలబడింది. వాచ్‌మన్ పర్శరాములును పిలిచి "తాళం వెయ్" అంది.

చర్చి పక్క చిన్న తలుపులోంచి టీచరూ పిల్లా బయటపడి, సందుల్లోంచి బస్టాండుకు చేరారు. చింతమడక బస్సు కదిలేదాకా బాలలక్ష్మి ప్రతి స్కూటర్ చప్పుడుకూ తల తిప్పి చూసింది. ఊరి చివరి ఇళ్ళు వెనక్కి పోయాక పిల్ల ఆమె ఒళ్ళో తల పెట్టి నిద్రపోయింది.

ఐలవ్వ ఇంకా వరి నాటులోనే ఉంది. మోకాలి దాకా బురదతో గట్టెక్కి వచ్చి, టీచరు చెప్పింది విని తల అడ్డంగా ఊపింది.

"నా చెల్లె మొగుడు అసుంటోడు గాదు టీచరమ్మా. మాకు బువ్వ పెట్టినోడు."

బాలలక్ష్మి వాదించలేదు. జ్ఞానేశ్వరి టీచరు కొంగు వదిలి రెండడుగులు ముందుకు వేసింది. "అవ్వా, నేను చెప్తే నువ్వు సస్తవన్నడు."

ఐలవ్వ కూతురి మొహం వైపు చూసింది. తర్వాత కాలువలోకి దిగి, చేతులు కడుక్కుంది. బురద పోయినా కడుక్కుంటూనే ఉంది. పైకొచ్చి తడి చేతులతో పిల్లను కడుపుకు అదుముకుంది.

"నేను సావ బిడ్డా. ఎందుకు సస్త? సావాల్సింది నేను గాదు." కొంగుతో పిల్ల మొహం తుడిచి బాలలక్ష్మితో అంది: "అది ఇగ ఆడికి రాదు. ఈడి బళ్ళెనే ఏస్త. నా చెల్లెతోటి నేను మాట్లాడ్త. నువ్వు చీకటి పడకముందే పో అమ్మా, నీకేమన్న అయితే నాకు పాపం."

తిరుగు బస్సులో బాలలక్ష్మి కిటికీ పక్కన కూర్చుని ఏడ్చింది. ఎవరూ చూడలేదు. ఆమెను ఎవరూ చూడకపోవడం కొత్త కాదు.

మధుసూదన్ మర్నాడు నిజంగానే మనుషులను తెచ్చాడు. బడి వరండాలో నిలబడి పిల్లలను పాడుచేస్తున్నారని అరిచారు. కాశీనాథం రెండు రోజులు భార్యతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున చాయ తానే పెట్టి ఆమె ముందు ఉంచి ఆఫీసుకు పోయాడు. పద్మమ్మ అక్క దగ్గరికి పోయి వచ్చాక పుట్టింటికి చేరింది, తిరిగి రాలేదు. దుకాణం మాత్రం ఎప్పటిలా తెరుచుకుంటూనే ఉంది.

ఆ తర్వాతి శుక్రవారం, పాఠం చెప్పాలా వద్దా అని సిస్టర్ అడగలేదు. బాలలక్ష్మి కూడా అడగలేదు. అన్నాలయ్యాక తలుపు దగ్గరగా వేసి, బోర్డు మీద పాప బొమ్మ గీసింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. పిల్లలు సర్దుకుని కూర్చున్నారు గానీ గోడ పక్క చోటు మాత్రం వదిలేశారు.

ఆ బెంచీ కింద, చెక్కకు కొట్టిన మేకుకు, జ్ఞానేశ్వరి ఎర్ర స్కూలు టై వేలాడుతోంది. మెడకు ఇరుకని పాఠం వినేటప్పుడు తీసి పెట్టుకునేదట. తీసి తీసి ఎలాస్టిక్ సాగిపోయింది, ముడి మాత్రం వేసింది వేసినట్టే ఉంది.